పిల్లల టీకాలు: మొదటి సూది నుంచి ఆఖరి మోతాదు దాకా తల్లిదండ్రులు తీసుకోవలసిన నిర్ణయాలు

పిల్లలకు టీకాలు వేయించబోమని తెగేసి చెప్పే తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ తక్కువే. అయినా టీకా కార్డుల్లో ఖాళీ గళ్లు మిగిలిపోతూనే ఉన్నాయి. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లల్లో సుమారు 76 శాతం మందికే ప్రాథమిక టీకాలన్నీ అందినట్టు తేలింది. తక్కిన ఇళ్లలో కూడా టీకా వద్దని ఎవరూ అనని సందర్భాలు ఎన్నో ఉంటాయి. బిడ్డకు జలుబు చేసిందని ఒకసారి, బాలింతను అత్తవారింటికి పంపే ముహూర్తం దగ్గర పడిందని మరోసారి, మొదటి సూదికి రాత్రంతా జ్వరంతో ఏడ్చాడన్న బెంగతో ఇంకోసారి వాయిదా వేస్తారు. ఆ వాయిదాలే పోగై, ఎవరూ తీసుకోని నిర్ణయం ఒకటి జరిగిపోతుంది.

జాతీయ టీకాల పట్టిక ప్రకారం పుట్టిన రోజు నుంచి పదహారేళ్ల దాకా ఒక బిడ్డను తొమ్మిది సార్లు టీకాకు తీసుకువెళ్లాలి. అందుకే ఒక్కో సందర్భంలో ఏం జరుగుతుందో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో ముందుగానే తెలుసుకుని ఉండడం మేలు. టీకా కేంద్రం గుమ్మంలో నిలబడి, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆలోచించడం ఎవరికైనా కష్టమే.

పుట్టిన రోజు, ఆ తర్వాతి పద్నాలుగు వారాలు

కాన్పు జరిగిన ఆసుపత్రిలోనే బిడ్డకు మూడు టీకాలు పడాలి: క్షయ నుంచి కాపాడే బీసీజీ, నోట్లో వేసే పోలియో చుక్కలు, హెపటైటిస్ బి సూది. వీటిలో హెపటైటిస్ బి టీకాకు గడువు చాలా తక్కువ. అది 24 గంటల లోపు పడాలి. తల్లి రక్తంలో ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు సోకే అవకాశం ఉంది. పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో అది కొన్నాళ్లకు తగ్గిపోతుంది కానీ, పుట్టుకలోనే సోకిన పసికందుల్లో దాదాపు 90 శాతం మందిలో జీవితాంతం నిలిచిపోయి, ముందుముందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఒకప్పుడు ఈ టీకాను విదేశాల నుంచి ఎక్కువ ధరకు తెప్పించుకోవలసి వచ్చేది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దీన్ని దేశీయంగా తయారు చేసిన తర్వాతే సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. కాబట్టి డిశ్చార్జి కాగితం తీసుకునే ముందు, ఈ మూడు టీకాలు వేసిన తేదీలు కార్డులో రాశారో లేదో చూసుకోవాలి. కాన్పు శనివారం రాత్రో పండుగ రోజో జరిగితే ఈ సంగతి మరీ గట్టిగా అడగాలి.

ఆరు వారాలు నిండగానే రెండో సందర్భం వస్తుంది. ఆ రోజు తొడకు పెంటావాలెంట్ సూది, మరో తొడకు న్యుమోనియాను అడ్డుకునే పీసీవీ సూది, చేతికి చర్మంలోకి కొద్దిపాటి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, రోటావైరస్ టీకా ఉంటాయి. పెంటావాలెంట్ ఒక్కటే అయిదు జబ్బుల నుంచి కాపాడుతుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బాక్టీరియా తెచ్చే జబ్బు (న్యుమోనియా గానీ, మెదడు పొరల వాపు గానీ). పది వారాలకు పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటావైరస్ టీకా మళ్లీ వేస్తారు. పద్నాలుగు వారాలకు వాటితో పాటు పోలియో సూది, పీసీవీ కూడా రెండోసారి పడతాయి.

ఇన్ని సూదులు ఒకే రోజు పసిబిడ్డ తట్టుకోగలదా అన్నది తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్న కూడా. పుట్టిన క్షణం నుంచి బిడ్డ శరీరం గాలిలో, పాలలో, తల్లి చర్మం మీద ఉండే లెక్కలేనన్ని సూక్ష్మజీవులను ఎదుర్కొంటూనే ఉంటుంది. ఆ పనితో పోలిస్తే ఈ టీకాల్లో ఉన్న భాగాలు చాలా కొద్ది. కలిపి వేసినందువల్ల టీకా పని చేయడం తగ్గదు, ప్రమాదమూ పెరగదు. ఒక్కొక్కటి వేరే రోజున వేయమని అడిగితే బిడ్డ ఏడుపు మూడు రోజులకు పంపకమవుతుంది తప్ప తగ్గదు. పైగా ఆలస్యమైన ప్రతి వారమూ కోరింత దగ్గుకు దారి తెరిచి ఉంచినట్టే. ఆ జబ్బు ప్రాణం తీసేది ప్రధానంగా తొలి నెలల్లో ఉన్న బిడ్డలనే. ఈ మూడు సందర్భాలనూ మరీ చిన్న వయసులో పెట్టడానికి కారణం ఇదే.

రోటావైరస్ టీకా గురించి ఒక మాట. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ప్రధాన కారణమైన ఈ వైరస్‌పై టీకాను జాతీయ కార్యక్రమంలోకి తెచ్చినప్పుడు, 2016లో మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వేసిన రోటావాక్ హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసినదే. దీని మొదటి మోతాదు ఏడాది నిండకముందే పడాలి. ఆ తర్వాత మొదలుపెట్టరు.

జ్వరం, జలుబు: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

వాయిదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి ఈ విషయం వివరంగా చెప్పుకోవాలి. మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి ఒళ్లు వెచ్చదనం, పలుచని విరేచనాలు, యాంటీబయాటిక్ వాడుతూ ఉండడం, వీటిలో ఏదీ టీకా ఆపవలసిన కారణం కాదు. బిడ్డ బరువు తక్కువగా ఉండడం కూడా కాదు. బక్కచిక్కిన బిడ్డకే జబ్బు చేస్తే తట్టుకునే శక్తి తక్కువ కనుక ఆ బిడ్డకు టీకా మరింత అవసరం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ నుంచే లెక్క వేసి, మిగతా పిల్లలకు వేసే వయసులోనే టీకా వేస్తారు. తీవ్రమైన జ్వరంతో, ఆయాసంతో, ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితిలో ఉంటే మాత్రం కోలుకునే వరకు ఆగాలి. కోలుకున్నాక ‘వచ్చే నెల చూద్దాం’ అనుకోకుండా, ఆ వారమే తీసుకువెళ్లాలి.

నిజంగా టీకా ఆపవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిని దాచకుండా చెప్పవలసిన బాధ్యత తల్లిదండ్రులది. ఇంతకుముందు అదే టీకా వేసిన కొద్దిసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, స్పృహ తప్పే స్థాయి అలర్జీ వచ్చి ఉంటే ఆ టీకా మళ్లీ వేయకూడదు. పెంటావాలెంట్ లేదా డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే టీకా) తర్వాత మూర్ఛలు వచ్చి ఉంటే, తదుపరి మోతాదుకు ముందు పిల్లల డాక్టరుకు చూపించి తీరాలి. బిడ్డకు గతంలో పేగులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే జబ్బు వచ్చి ఉంటే రోటావైరస్ టీకా వేయరు. కాన్సర్ మందులు, ఎక్కువ మోతాదులో స్టిరాయిడ్లు వాడుతున్న పిల్లలకూ, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన పిల్లలకూ బీసీజీ, రోటావైరస్, తట్టు–రుబెల్లా వంటి సజీవ టీకాలు (బలహీనపరచిన సజీవ క్రిములతో చేసినవి) ప్రమాదం తేవచ్చు.

ఈ చివరి సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మేనరికాలు ఇంకా జరుగుతున్న కుటుంబాల్లో, తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించే జన్యులోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఇంతకుముందు ఒక బిడ్డ తొలి నెలల్లోనే, కారణం తెలియని ఇన్ఫెక్షన్లతో చనిపోయి ఉంటే, తర్వాతి బిడ్డకు బీసీజీ వేయకముందే ఆ విషయం డాక్టరుకు చెప్పాలి. బాధాకరమైన విషయమే అయినా, శుభమా అని కాన్పు జరిగిన రోజున పాత సంగతి ఎందుకని పెద్దలు ఊరుకోకూడదు.

టీకా కేంద్రంలో గమనించవలసినవి

మన రెండు రాష్ట్రాల్లోనూ సాధారణంగా బుధ, శనివారాల్లో ఉప కేంద్రాల్లో, అంగన్‌వాడీల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు వేస్తారు. వెళ్లేటప్పుడు కార్డు తప్పనిసరి. బిడ్డకు చేతులు, తొడలు సులువుగా బయటికి వచ్చే వదులైన బట్టలు వేయాలి. చనుబాలు తాగే బిడ్డకు సూది వేసే ముందు గానీ, వేసిన వెంటనే గానీ పాలిస్తే ఏడుపు త్వరగా తగ్గుతుంది. పోలియో, రోటావైరస్ చుక్కలకు ముందూ వెనకా పాలు పట్టకూడదన్న నియమం ఏదీ లేదు.

టీకా సీసాను చూపమని అడగడం తప్పు కాదు. సీసా మీద ఒక వృత్తం, దాని లోపల ఒక చిన్న చతురస్రం ముద్రించి ఉంటాయి. లోపలి చతురస్రం బయటి వృత్తం కంటే లేతగా ఉన్నంత వరకూ టీకా వాడవచ్చు. వేడి తగిలేకొద్దీ అది ముదురుతూ వచ్చి, వృత్తం రంగుతో సమానమైతే ఆ సీసాను పక్కన పెట్టాలి. బీసీజీ, తట్టు–రుబెల్లా టీకాలు పొడి రూపంలో వస్తాయి. ద్రవం కలిపిన తర్వాత నాలుగు గంటల లోపే వాడాలి, కాబట్టి కలిపిన సమయం సీసా మీద రాసి ఉండాలి. సిరంజి మీ కళ్ల ముందే కవరు చించి తీయాలి. ఈ మాటలు మర్యాదగా అడిగితే ఏ ఏఎన్‌ఎం కూడా నొచ్చుకోరు. ఎండాకాలంలో అడవి దారుల్లో ఐసు పెట్టె మోసుకుని వచ్చే మనిషికి, తన పని విలువ తెలిసిన తల్లి ఎదురుపడడం సంతోషమే కలిగిస్తుంది.

సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలి. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, సుమారు పది లక్షల మోతాదుల్లో ఒకటి. వస్తే ఎక్కువగా మొదటి కొద్ది నిమిషాల్లోనే వస్తుంది, దానికి కావలసిన మందు కేంద్రంలోనే ఉంటుంది. బయలుదేరే ముందు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి: ఈ రోజు ఏ టీకా వేశారు, అది ఏ జబ్బుకు, ఏ ఇబ్బంది రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి.

ఆ రాత్రి ఇంట్లో

పెంటావాలెంట్ వేసిన సాయంత్రం చాలామంది పిల్లలకు జ్వరం వస్తుంది, తొడ ఎర్రబడి కాస్త వాస్తుంది, బిడ్డ చిరాకు పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పారాసిటమాల్‌ను బిడ్డ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. పసిపిల్లల డ్రాప్స్‌లో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో అయితే అయిదు మిల్లీలీటర్లలో 120, 125 లేదా 250 మిల్లీగ్రాములు ఉండవచ్చు. సిరప్ కొలతతో డ్రాప్స్ పోస్తే మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లు, ఏ సీసాలోంచి అన్నది కార్డు వెనక రాయించుకోవాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. సూది పడిన చోట చల్లటి తడిబట్ట వేయవచ్చు. రుద్దడం, కాపడం పెట్టడం, పసుపు, సున్నం రాయడం వద్దు.

బీసీజీ తీరు వేరు. వేసిన కొన్ని వారాలకు ఎడమ చేతి మీద చిన్న పొక్కు లేచి, పగిలి, మెల్లగా మానుతూ మచ్చ పడుతుంది. దాన్ని పిండకూడదు, మందులు పూయకూడదు. మచ్చ పడలేదని మళ్లీ వేయించవలసిన పనీ లేదు. తట్టు–రుబెల్లా టీకాకు జ్వరం వస్తే అదే రోజు రాదు. వారం నుంచి పన్నెండు రోజుల మధ్య కొద్దిగా జ్వరం, సన్నని దద్దుర్లు కనిపించి పోవచ్చు. ఈ సంగతి తెలియక అప్పటి జ్వరానికి మరేదో కారణం వెతికే తల్లులు ఉంటారు.

మూడు గంటలకు మించి ఆగని ఏడుపు, మూర్ఛ, పాలు తాగలేనంత మగత, ఊపిరి తీయడంలో కష్టం, తగ్గని తీవ్ర జ్వరం కనిపిస్తే తెల్లవారేదాకా చూడకుండా 108కి ఫోను చేయాలి. రోటావైరస్ టీకా తర్వాత రోజుల్లో బిడ్డ ఉండి ఉండి కాళ్లు ముడుచుకుని ఏడుస్తూ, వాంతులు చేసుకుంటూ, మలంలో రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇలాంటివి జరిగినప్పుడు టీకా వేసినవారికి కూడా తెలియజేయాలి. వాటిని విచారించడానికి ప్రతి జిల్లాలోనూ ఒక కమిటీ ఉంటుంది.

పుట్టిల్లు, అత్తిల్లు, వలస

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. బిడ్డ పేరు అమ్మమ్మ గారి ఊరి రిజిస్టరులో ఉంటుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి వెళతారు. సరిగ్గా పది, పద్నాలుగు వారాల టీకాలు పడవలసిన సమయం అది. అక్కడి ఏఎన్‌ఎంకు ఈ బిడ్డ ఉన్నట్టు తెలియదు, ఇక్కడి ఏఎన్‌ఎం ఎదురుచూస్తూనే ఉంటుంది. నా దృష్టిలో మన ఇళ్లలో టీకాలు తప్పిపోయే దారుల్లో ఇది చాలా పెద్దది. దీన్ని మూయడం చాలా సులువు కూడా. ప్రయాణం పెట్టుకునేటప్పుడు వర్జ్యం చూసినంత శ్రద్ధగా టీకా తేదీ చూడాలి. వెళ్లిన వారంలోనే కొత్త ఊరి ఆశా కార్యకర్తకు బిడ్డ పేరు చెప్పాలి. ఏ ఊరి కార్డైనా దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా చెల్లుతుంది. ఆధారాలు లేవనో, స్థానికులు కారనో టీకా నిరాకరించకూడదు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో కూలి పనులకు, ఇటుక బట్టీలకు వెళ్లే కుటుంబాలకు ఇది మరీ ముఖ్యమైన హక్కు.

తల్లీబిడ్డల సంరక్షణ కార్డును మడతలు పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, ప్రతి టీకా తర్వాత ఫోనులో ఫోటో తీసి భర్తకో అమ్మకో పంపి ఉంచుకోవాలి. ప్రభుత్వ యూ–విన్ వ్యవస్థలో ఫోను నంబరుతో నమోదు చేయిస్తే వేసిన టీకాల వివరాలు అక్కడ నిలుస్తాయి. నంబరు మారితే నమోదు వెతకడం కష్టమవుతుంది కనుక ఇంట్లో స్థిరంగా ఉండే నంబరు ఇవ్వాలి.

ఒకవేళ ఇప్పటికే ఆలస్యమై ఉంటే, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టవలసిన అవసరం లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి, మోతాదుకూ మోతాదుకూ కనీసం నాలుగు వారాల ఎడంతో కొనసాగిస్తారు. బీసీజీ ఏడాది లోపు వేయించవచ్చు. తట్టు–రుబెల్లా రెండు మోతాదులు అయిదేళ్ల లోపు నెల ఎడంతో వేయించుకోవచ్చు. ఏడేళ్లు నిండని పిల్లలకు డీపీటీ ఇస్తారు. ఇంత ఆలస్యంగా వెళితే కోప్పడతారేమోనని సిగ్గుపడి ఆగిపోవద్దు. ఆలస్యంగా వేసిన టీకా కూడా బిడ్డను కాపాడుతుంది.

తొమ్మిదో నెల తర్వాత జరిగే మరపు

తొమ్మిది నెలలు నిండగానే తట్టు–రుబెల్లా మొదటి సూది, పీసీవీ చివరి మోతాదు, మూడో పోలియో సూది, విటమిన్ ఎ ద్రావణం, ఎంపిక చేసిన జిల్లాల్లో మెదడువాపు టీకా ఉంటాయి. తట్టును తొమ్మిది నెలల దాకా ఆపడానికి కారణం ఉంది: తల్లి నుంచి బిడ్డకు వచ్చిన రక్షణ అప్పటిదాకా ఒంట్లో ఉండి, టీకాను పని చేయనివ్వదు. ఆ వయసులో వేసినా మొదటి మోతాదు వంద మందిలో సుమారు 85 మందికే రక్షణ ఇస్తుంది. మిగిలిన వాళ్ల కోసమే 16 నుంచి 24 నెలల మధ్య రెండో మోతాదు. దానితో పాటు డీపీటీ, పోలియో చుక్కల బూస్టర్లూ ఉంటాయి. బిడ్డ నడక నేర్చి, అందరికీ ధీమా వచ్చే వయసు అది కాబట్టి మరపు కూడా అప్పుడే ఎక్కువ.

తట్టు వస్తే అమ్మవారు వచ్చిందని వేపమండలు కట్టి, మందులు ఆపి, వచ్చినదే పోతుందని ఎదురుచూడడం మన ఇళ్లలో పాత నమ్మకం. వేపాకు కట్టుకోవడంలో తప్పేమీ లేదు. డాక్టరు దగ్గరికి పోకపోవడంలోనే ప్రమాదం ఉంది. తట్టు తర్వాత వచ్చే న్యుమోనియా, విరేచనాలు ప్రాణాలు తీస్తాయి. కొందరు పిల్లల్లో ఏళ్ల తర్వాత మెదడు క్షీణించే జబ్బుగా తిరిగి వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. రక్షణ లేని పిల్లల మధ్య తట్టు సోకిన ఒక్క బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. పూర్వం పల్లెలకు పల్లెలనే ఖాళీ చేయించిన మశూచి 1975 తర్వాత మన దేశంలో కనిపించలేదు. టీకా వల్లనే అది పోయింది.

అయిదారేళ్లకు డీపీటీ రెండో బూస్టరు, పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పిలకు వేసే టీడీ సూది వేయించడం చాలామందికి గుర్తే ఉండదు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి, పెద్దలు ఇప్పటికీ కోరంటి దవాఖానా అని పిలిచే చోటికి, కంఠసర్పి రోగులు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నారు. వాళ్లలో బడికి వెళ్లే వయసు పిల్లలు గణనీయంగా ఉంటారు. చిన్నప్పటి టీకా ఇచ్చిన రక్షణ కాలక్రమేణా తగ్గుతుంది. దాన్ని నిలబెట్టేది ఈ బూస్టర్లే. పల్స్ పోలియో ఆదివారం నాడు రెండు చుక్కలు వేయించాం కదా అని ఊరట పడేవారు కూడా ఒకటి గమనించాలి: అవి పోలియోకు అదనపు రక్షణ మాత్రమే, పట్టికలోని ఏ టీకాకూ బదులు కావు.

అనుమానాలతో ఎలా వ్యవహరించాలి

అనుమానం రావడం తప్పు కాదు, దాన్ని తీర్చుకోకుండా ఉంచుకోవడం వల్లనే నష్టం. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న మాట 1998లో లాన్సెట్ పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం నుంచి వ్యాపించింది. ఆ పత్రికే 2010లో వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది ఆయన పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తొలగించారు. డెన్మార్క్‌లో 1999 నుంచి 2010 వరకు పుట్టిన ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తట్టు టీకా వేయించుకున్న పిల్లలకు ఆటిజం ముప్పు పెరిగినట్టు కనబడలేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రులకు స్పష్టంగా కనిపించే వయసూ, తట్టు టీకాల వయసూ దగ్గరదగ్గరగా ఉండడమే ఆ భ్రమకు బలం ఇస్తోంది.

పోలియో విషయంలో నిజాయితీగా చెప్పవలసినది ఒకటి ఉంది. నోటి చుక్కల్లోని బలహీనపరచిన వైరస్, చాలా అరుదుగా, టీకాలు సరిగా అందని ప్రాంతాల్లో మనిషి నుంచి మనిషికి పాకుతూ మళ్లీ బలం పుంజుకోగలదు. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో అలాంటి రెండో రకం వైరస్ కనిపించినప్పుడు, ఆ జూన్ నెలలో నగరంలోనూ రంగారెడ్డి జిల్లాలోనూ సుమారు మూడు లక్షల మంది పిల్లలకు పోలియో సూదులు వేసే కార్యక్రమం చేపట్టారు. చుక్కల్లో రెండో రకాన్ని అదే ఏడాది ఏప్రిల్‌లో తొలగించారు కూడా. సూది ద్వారా ఇచ్చే పోలియో టీకాలో సజీవ వైరస్ ఉండదు. పట్టికలో చుక్కలు, సూది రెండూ ఉండడానికి కారణం అర్థం చేసుకున్న తల్లిదండ్రులు వాట్సాప్‌లో తిరిగే సగం నిజాలకు బెదరరు. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో రహితంగా ప్రకటించింది.

ఇంట్లో అత్తగారో మామగారో వద్దంటే వాదన పెట్టుకోవడం కంటే వాళ్లను కూడా టీకా కేంద్రానికి తీసుకువెళ్లడం మంచిది. తమ ఊళ్లో పోలియోతో కాలు ఈడ్చిన మనిషిని, కోరింత దగ్గుతో పోయిన పసివాడిని చూసిన తరం వాళ్లది. సందేహం వాళ్లకు ఎక్కువగా జ్వరం గురించే ఉంటుంది, దానికి జవాబు ఏఎన్‌ఎం నోట వింటే నెమ్మదిస్తారు.

ప్రైవేటు ఆసుపత్రి, ‘నొప్పి లేని’ టీకా

ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చే టీకా నాసిరకమనే అపోహ పట్టణాల్లో బలంగా ఉంది. వాటిలో ఎన్నో ప్రైవేటులోనూ అమ్మే అదే కంపెనీలవి. బయట ఒక్కో మోతాదుకు వేల రూపాయలు పోయవలసిన పీసీవీ అక్కడ ఉచితం. నొప్పి లేని టీకా అని చెప్పే దానిలో కోరింత దగ్గు క్రిమిని మొత్తంగా కాకుండా దాని కొన్ని భాగాలనే వాడతారు. జ్వరం, వాపు తక్కువ నిజమే, అయితే దాని రక్షణ త్వరగా తగ్గిపోతుంది. ఒక్క రాత్రి జ్వరం తప్పించడానికి వేలు ఖర్చు చేయవలసిన అవసరం ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు లేదన్నది నా అభిప్రాయం. మొదటి మోతాదుకు తీవ్రంగా ఇబ్బంది పడిన బిడ్డ విషయంలో డాక్టరు సలహా మేరకు ఎంచుకోవచ్చు.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు ఉచిత పట్టికంతా సమయానికి పూర్తి చేసి, ఆ తర్వాతే అదనపు వాటి వైపు చూడాలి. మన నీళ్ల పరిస్థితుల్లో నేనైతే మొదట టైఫాయిడ్ కంజుగేట్ టీకాను పెడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన మొదటి టైఫాయిడ్ కంజుగేట్ టీకా హైదరాబాద్‌లో తయారైనదే. తట్టు, రుబెల్లాలతో పాటు గవదబిళ్లలకూ పని చేసే ఎంఎంఆర్, ఆటలమ్మకు, హెపటైటిస్ ఎకు టీకాలు ఆ తర్వాత. తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లల తల్లిదండ్రులు గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడగాలి. ప్రైవేటులో మందుల దుకాణం నుంచి టీకా కొని చేత్తో పట్టుకుని తీసుకువెళ్లకండి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉండాలి. ఎక్కువ వేడితో పాటు గడ్డకట్టడం కూడా పెంటావాలెంట్, పీసీవీ వంటి వాటిని పాడు చేస్తుంది.

విదేశాల్లో ఉన్నవారికి

అమెరికాలో పుట్టిన బిడ్డతో తాతయ్యలను, అమ్మమ్మలను చూడడానికి వచ్చే వాళ్లు గమనించవలసిన తేడా ఒకటుంది. అక్కడ ఎంఎంఆర్ మొదటి మోతాదు ఏడాది నిండాకే వేస్తారు. విదేశీ ప్రయాణం ఉంటే 6 నుంచి 11 నెలల బిడ్డకు ముందుగానే ఒక మోతాదు వేయించాలని అక్కడి వైద్య వ్యవస్థే చెబుతుంది. టికెట్లు కొన్నప్పుడే పిల్లల డాక్టరుకు చెప్పి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు అది పడేలా చూసుకోవాలి. ఏడాది నిండకముందు పడినది అక్కడి లెక్కలోకి రాదు, నిండాక మళ్లీ రెండు మోతాదులు వేస్తారు. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడి బడిలో చేరే పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. మన తొమ్మిదో నెల మోతాదును పరిగణించరు, తట్టు–రుబెల్లా సూదిలో గవదబిళ్లల టీకా ఉండదు కాబట్టి ఎంఎంఆర్ అడుగుతారు, ఆటలమ్మ టీకా కూడా అడగవచ్చు. అదనపు మోతాదు వల్ల బిడ్డకు హాని లేదు. తేదీలతో, ఆసుపత్రి ముద్రతో ఉన్న కార్డు చేతిలో ఉంటే మిగతా వాటిని మళ్లీ వేయించే పని తప్పుతుంది. కాబట్టి వీసా కాగితాలతో పాటు దాన్ని కూడా చేతి సంచిలోనే పెట్టుకోవాలి.